హెచ్‌ఐవీతో జీవిస్తున్న మహిళలు ఉచిత మందులకు, పింఛనుకు దరఖాస్తు చేసుకునే విధానం (తిరుపతి, చిత్తూరు జిల్లాలు)

హెచ్‌ఐవీతో జీవిస్తున్న మహిళకు ప్రభుత్వం నుంచి ముఖ్యంగా మూడు అందాలి. జీవితాంతం ఉచితంగా మందులు, నెలనెలా పింఛను, వివక్ష ఎదురైనప్పుడు చట్టపరమైన రక్షణ. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో అర్హత ఉండి కూడా చాలామంది వీటికి దూరంగా ఉండిపోవడానికి ప్రధాన కారణం ఊళ్ళో తెలిసిపోతుందన్న భయమే. అందువల్ల ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో చెప్పడంతో పాటు, ఏ విషయం ఎవరికి చెప్పనవసరం లేదో కూడా ఇక్కడ వివరిస్తున్నాను.

మందుల కోసం నమోదు

మొదట చేయించుకోవలసింది ఐసీటీసీలో, అంటే ప్రభుత్వ ఆస్పత్రుల్లోని సలహా, పరీక్షా కేంద్రంలో నిర్ధారణ పరీక్ష. ప్రైవేటు ల్యాబులో పాజిటివ్ అని వచ్చినా ఇక్కడ మళ్ళీ పరీక్షించి నిర్ధారించుకుంటారు. ఈ పరీక్ష ఉచితం. పరీక్షకు ముందు, తర్వాత కౌన్సెలర్ విడిగా కూర్చోబెట్టి మాట్లాడతారు. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం, 2017 ప్రకారం మన సమ్మతి లేకుండా ఈ పరీక్ష చేయకూడదు.

నిర్ధారణ అయ్యాక ఐసీటీసీ ఇచ్చే రిపోర్టు తీసుకుని ఏఆర్‌టీ సెంటర్‌కు, అంటే హెచ్‌ఐవీ మందులు ఇచ్చే కేంద్రానికి వెళ్ళాలి. తిరుపతిలో రుయా ఆస్పత్రిలోను, చిత్తూరులో జిల్లా ప్రభుత్వ ఆస్పత్రిలోను ఈ సెంటర్లు ఉన్నాయి. రిపోర్టుతో పాటు ఆధార్ లేదా చిరునామా ఉన్న మరో గుర్తింపు కార్డు, ఫొటోలు దగ్గర ఉంచుకుంటే నమోదు ఒక్క పూటలో పూర్తవుతుంది. సీడీ4 (రోగనిరోధక శక్తిని తెలిపే రక్తకణాల సంఖ్య), కాలేయం, మూత్రపిండాల పనితీరు, క్షయ పరీక్షలు చేస్తారు. సీడీ4 సంఖ్య ఎంత ఉన్నా మందులు మొదలుపెట్టే విధానం 2017 నుంచి అమల్లో ఉంది కాబట్టి, ‘ఇంకా బాగానే ఉన్నాను కదా’ అని వాయిదా వేయవద్దు. ప్రస్తుతం పెద్దవాళ్ళలో ఎక్కువమందికి ఇచ్చేది రోజుకు ఒక్క మాత్ర.

నమోదైన వారికి గ్రీన్ బుక్ ఇస్తారు. మందులు ఏ తేదీన ఎన్ని ఇచ్చారు, మళ్ళీ ఎప్పుడు రావాలి అన్నవన్నీ అందులో రాస్తారు. సెంటర్‌లో మీ పేర ఉండే రికార్డు, మీ దగ్గరుండే ఈ పుస్తకం, రెండూ తర్వాత పింఛనుకు ఆధారాలు. పుస్తకం ఇంట్లో ఎవరి కంటా పడకూడదనుకునేవారు ఆ మాట కౌన్సెలర్‌కు మొదటి రోజే చెప్పాలి. మందుల డబ్బాను కూడా సంచిలో ఎలా తీసుకెళ్ళాలో, ఇంట్లో ఎక్కడ దాచుకోవాలో సలహా ఇవ్వడం వారి పనిలో భాగమే.

తెలిసినవాళ్ళు ఎదురవుతారని సొంత జిల్లా వదిలి చెన్నై తాంబరం వరకు వెళ్ళి మందులు తెచ్చుకునేవారూ ఉన్నారు. వారి భయం నాకు అర్థమవుతుంది. అయితే బస్సు దొరకని నెల, చేతిలో డబ్బు లేని నెల మందు ఆగిపోతుంది. ఆగితే వైరస్ మందుకు లొంగకుండా పోయే ప్రమాదం ఉంది. అలాంటివారు ప్రస్తుతం మందులు తీసుకుంటున్న సెంటర్‌లో ట్రాన్స్‌ఫర్ కాగితం అడిగి తీసుకుని తిరుపతికో చిత్తూరుకో మారవచ్చు. క్రమం తప్పకుండా మందులు వాడుతూ వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే) పరీక్షలో వైరస్ కనిపించని స్థాయికి చేరి, అదే స్థాయిలో నిలిచినవారి నుంచి లైంగిక సంబంధం ద్వారా హెచ్‌ఐవీ సోకదు. ఈ సంగతి రోగికే కాదు, కుటుంబానికీ తెలియాలి.

గర్భిణులు ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకూడదు. ఏ జాగ్రత్తా తీసుకోకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. తల్లి మందులు వాడి, పుట్టిన బిడ్డకు నివారణ మందు పట్టిస్తే అది 5 శాతం లోపుకు తగ్గుతుంది. బిడ్డకు ఆరు వారాల వయసులో రక్తపు చుక్కతో తొలి పరీక్ష, 18 నెలలకు తుది నిర్ధారణ చేస్తారు. ఈ రెండు తేదీలనూ ప్రసవమైన రోజే రాయించుకోండి.

భర్తకు చెప్పాలా అన్న ప్రశ్న ప్రతి స్త్రీకీ వస్తుంది. భర్త కూడా పరీక్ష చేయించుకునేలా చూడమని కౌన్సెలర్లు ప్రోత్సహిస్తారు, అది అవసరం కూడా. అయితే చెబితే కొడతారనో, ఇంట్లోంచి వెళ్ళగొడతారనో సహేతుకమైన భయం ఉన్నప్పుడు వైద్య సిబ్బంది ఆ విషయం భర్తకు చెప్పకూడదని ఇదే చట్టంలోని 9వ సెక్షను ప్రత్యేకంగా స్త్రీలను దృష్టిలో ఉంచుకుని చెబుతోంది. ఆ భయం ఉంటే దాచుకోకుండా కౌన్సెలర్‌కు చెప్పాలి.

పింఛను

ఎన్టీఆర్ భరోసా పథకం కింద ఏఆర్‌టీ మందులు వాడేవారికి 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయలు ఇస్తున్నారు. ఆరు నెలలు ఆగకుండా మందులు తీసుకున్నవారు దీనికి అర్హులు. ఆ ఆరు నెలల ఆధారం ఉండేది ఏఆర్‌టీ సెంటర్ రికార్డులోనే కాబట్టి, దరఖాస్తు ఇచ్చే గ్రామ లేదా వార్డు సచివాలయానికి వెళ్ళడానికి ముందే సెంటర్‌లోని కౌన్సెలర్‌తో మాట్లాడండి. ఆధార్, బియ్యం కార్డు, బ్యాంకు పాస్‌బుక్ నకళ్ళు ఇవ్వవలసి ఉంటుంది. కొత్త పింఛన్ల నమోదు ప్రభుత్వం అవకాశం ఇచ్చినప్పుడే జరుగుతుంది గనుక కాగితాలు ముందే సిద్ధం చేసుకోవడం మంచిది.

మిగతా పింఛన్లను నెల మొదట్లో ఇంటి దగ్గరే పంచుతారు. గోప్యత కోసం ఏఆర్‌టీ పింఛనును బ్యాంకు ఖాతాలో జమ చేసే పద్ధతి ఉంది. ఆ గోప్యత నిలవాలంటే ఖాతా మీ ఒక్కరి పేరనే ఉండాలి. ఖాతాకు, ఆధార్‌కు ఎవరి ఫోన్ నంబరు ఇచ్చారో కూడా చూసుకోండి. మరిది నంబరో, పెద్ద కొడుకు నంబరో ఉంటే డబ్బు పడినట్లు మెసేజీ ముందుగా వారికే వెళ్తుంది. బ్యాంకులో నంబరు మార్పించుకుని, ఆ తర్వాతే దరఖాస్తు ఇవ్వడం క్షేమం.

భర్త చనిపోయిన మహిళలకు ఇంకో దారి ఉంది. 18 ఏళ్ళు నిండినవారికి ఇచ్చే వితంతు పింఛను కూడా 4,000 రూపాయలే. ఆదాయం, భూమి వంటి సాధారణ అర్హతలు సరిపోతే ఆధార్, భర్త మరణ ధ్రువపత్రంతో సచివాలయంలో ఆ పింఛనుకే దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ కాగితాల్లో ఎక్కడా హెచ్‌ఐవీ ప్రస్తావన రాదు. ఒక మనిషికి ఒకటే పింఛను కాబట్టి, మొత్తం సమానంగా ఉన్నంతవరకు ఈ దారే మేలని నా అభిప్రాయం. ఇప్పటికే వితంతు పింఛను తీసుకుంటున్నవారు దాన్ని వదులుకుని మారవలసిన పని లేదు.

వివక్షపై ఫిర్యాదు

ఉద్యోగంలో, బడిలో, ఆస్పత్రిలో, అద్దె ఇంటి విషయంలో హెచ్‌ఐవీ కారణంగా వివక్ష చూపడం చట్ట విరుద్ధం. వందమంది లేదా అంతకు మించి ఉన్న సంస్థలో ఫిర్యాదుల అధికారి ఉండాలి, వైద్య సంస్థల్లోనైతే ఇరవై మంది ఉన్నా చాలు. మొదటి ఫిర్యాదు ఆ అధికారికి రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద సంతకం, ముద్ర వేయించుకోండి. ‘నన్ను అవమానించారు’ అని రాస్తే విచారణ ముందుకు సాగదు. ‘ఫలానా తేదీన ప్రసూతి వార్డులో నా మంచానికి తగిలించిన కేస్ షీటు మీద పాజిటివ్ అని పెద్ద అక్షరాలతో రాశారు, పక్క మంచాల వారు చదివారు, అడిగితే తీసివేయలేదు’ అని జరిగింది జరిగినట్టు రాయాలి.

వైద్యం నిరాకరించడం వంటి చట్ట ఉల్లంఘనలపై రాష్ట్ర ప్రభుత్వం నియమించే అంబుడ్స్‌మన్‌కు, అంటే ఇలాంటి ఫిర్యాదులను విచారించే అధికారికి ఫిర్యాదు చేయవచ్చు. ఆయన ముప్పై రోజుల్లోగా, అత్యవసర వైద్యం విషయంలో వీలైతే ఇరవై నాలుగు గంటల్లోగా ఉత్తర్వు ఇవ్వాలి. ఆ ఉత్తర్వును పాటించని వారికి 10,000 రూపాయల దాకా జరిమానా ఉంటుంది. కేసు కోర్టుకు వెళ్ళినా అసలు పేరు బయటకు రాకుండా మారుపేరుతో విచారణ జరపమని కోరే హక్కు ఉంది.

మన ప్రాంతంలో స్త్రీలకు తరచుగా ఎదురయ్యేది మరొకటి. భర్త పోయాక, నింద అంతా కోడలి మీద వేసి ఇంట్లోంచి పంపేస్తారు. చాలాసార్లు ఆమెకు సోకింది భర్త నుంచే అయినా మాట పడేది ఆమే, ఇది ఘోరమైన అన్యాయం. ఉమ్మడిగా కాపురమున్న ఇంట్లో నివసించే హక్కును చట్టంలోని 29వ సెక్షను కాపాడుతుంది. దీనికోసం లాయరు ఫీజు గురించి దిగులు పడనక్కరలేదు. ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలందరికీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. చిత్తూరులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వవచ్చు, లేదా 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. దరఖాస్తులో ఇల్లు ఎవరి పేర ఉంది, పెళ్ళయిన సంవత్సరం, ఎప్పటి నుంచి అక్కడ ఉంటున్నారు అన్నవి రాసి, ఆ చిరునామాతో ఉన్న ఆధార్ లేదా బియ్యం కార్డు నకలు జతచేయాలి. పేరు చెప్పకుండా ముందుగా సలహా మాత్రమే కావాలనుకుంటే హెచ్‌ఐవీ ఉచిత హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయవచ్చు.