మోడల్ రైలింజిన్ కొంటున్నారా? డబ్బా మీద పేరు తర్వాత, ముందు విప్పి చూడండి

మిర్యాలగూడలో మాది బోరు మోటార్ల వైండింగ్ షాపు. కొత్త సబ్‌మెర్సిబుల్ కొనబోయే రైతు నన్ను అడిగే మాట ఎప్పుడూ ఒకటే: "తమ్మీ, ఇది కాలిపోతే నువ్వు చుడతావా, లేక హైదరాబాద్ మోసుకుపోవాలా?" కంపెనీ గొప్పదా కాదా అనేది ఆయనకు రెండో సంగతి. మోడల్ రైళ్ల పిచ్చి పట్టాక నేను కూడా అదే లెక్కలో పడ్డాను. "అన్నా, ఏ బ్రాండ్ ఇంజిన్ మంచిది?" అని ఎవరైనా అడిగితే ఒక పేరు చెప్పి పంపేయడం నాకు రాదు. ఎలా పోల్చాలో చెప్తాను, మీరే తేల్చుకోండి.

ముందుగా, పోల్చకూడని వాటిని పోల్చి బుర్ర పాడు చేసుకోకండి. హెచ్ఓ అనే సైజు (స్కేల్) అంటే అసలు రైల్లో 87వ వంతు, పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. ఎన్ స్కేల్ అయితే 160వ వంతు, పట్టాల దూరం 9 మిల్లీమీటర్లు. జపాన్ వాళ్లు తమ మామూలు రైళ్లను ఎన్‌లో 150వ వంతుకు చేస్తారు. బ్రిటిష్ వాళ్ల ఓఓ 76వ వంతు, కానీ పట్టా మాత్రం అదే 16.5, అందుకే బ్రిటిష్ కంపెనీ హార్న్‌బీ ఓఓ ఇంజిన్ హెచ్ఓ పట్టా మీద నడిచేస్తుంది, పక్కన హెచ్ఓ పెట్టె పెడితే మాత్రం తేడా కొడుతుంది. ఇంకోటి, నల్లగొండ స్టేషన్లో నారాయణాద్రి ఇంజిన్ని రోజూ చూసే కళ్లకు మన ఇంజిన్ల హెచ్ఓ మోడళ్లు కింద కాస్త ఇరుకుగా అనిపిస్తాయి. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు, దాన్ని 87తో భాగిస్తే 19 దాటుతుంది, పట్టా ఏమో 16.5. అది తయారీ లోపమని అనుకోకండి, అందరికీ ఉన్న ఇబ్బందే.

మార్క్‌లిన్ సంగతి వేరు. 1859 నుంచి ఉన్న జర్మనీ కంపెనీ, కానీ వాళ్ల హెచ్ఓ పద్ధతిలో కరెంటు పట్టాల మధ్యలో ఉండే చిన్న చిన్న మేకుల నుంచి ఇంజిన్ కిందున్న పొడవాటి బద్దకు అందుతుంది. మిగతా కంపెనీలవి ఎక్కువగా రెండు పట్టాల నుంచే కరెంటు తీసుకునే డీసీ. మార్క్‌లిన్ చక్రాలకు ఎడమ కుడి మధ్య ఇన్సులేషన్ ఉండదు కాబట్టి దాన్ని తెచ్చి మామూలు పట్టా మీద పెడితే షార్టే. ఎవరో సగం ధరకు ఇస్తున్నారని ఎగబడేముందు ఇది చూసుకోండి. అదే ఇంటివాళ్ల ట్రిక్స్ పేరుతో రెండు పట్టాల ఇంజిన్లు వస్తాయి.

ఇక పేర్ల గొడవ. డబ్బా మీద పేరు ఒకరిది, ఫ్యాక్టరీ ఇంకొకరిది కావడం ఈ రంగంలో మామూలు. 1980లలో అమెరికా అట్లాస్ పేరుతో వచ్చిన కొన్ని ఇంజిన్లు జపాన్ కేటో చేసిచ్చినవి, వాటికి ఇప్పటికీ గిరాకీ ఉంది. బాక్‌మన్ వెనక ఉన్నది హాంకాంగ్‌కు చెందిన కేడర్ గ్రూపు. హార్న్‌బీకి సరుకు చేసిపెట్టే చైనా ఫ్యాక్టరీ కేడర్ చేతికి వెళ్లిపోయేసరికి హార్న్‌బీకి సరుకు అందడమే కష్టమైంది. ఇటలీ లిమా, రివరోస్సి, ఫ్రాన్స్ జూఫ్ అనే పాత పేర్లను 2004లో హార్న్‌బీ కొనేసింది, కాబట్టి పాత లిమా చూసి కొత్త లిమాను తిట్టినా, కొత్తది చూసి పాతదాన్ని పొగిడినా తప్పే. బ్రాండ్‌కు బ్రాండ్ కాకుండా, ఈ మోడల్ ఏ ఏడు తయారైంది, లోపల ఏ మోటార్ పెట్టారు అని అడగడం అలవాటు చేసుకోండి.

అయినా నా అభిప్రాయం అడుగుతారు కదా, చెప్తాను. డబ్బా విప్పి పట్టా మీద పెట్టగానే తొణక్కుండా నడిచేది కావాలంటే ఎన్ స్కేల్లో కేటో, నాకు దానికి పోటీ కనపడలేదు. మార్క్‌లిన్ బరువు, ధర కూడా బరువే, కానీ తాతల నాటివి సైతం శుభ్రం చేస్తే నడుస్తాయి. ఆస్ట్రియా రోకోది గేర్ల వ్యవస్థ బాగుంటుంది, మోటార్ మధ్యలో ఉండి రెండు వైపులా షాఫ్టులు వెళ్తాయి. చేతికి తగిలి ఊడిపోయే చిన్న చిన్న కడ్డీలు ఎక్కువ, పిల్లలున్న ఇంట్లో తలనొప్పే. పికో పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది, మొదటి ఇంజిన్‌కు నేను మొగ్గేది అటే. హార్న్‌బీ, బాక్‌మన్ రెండింట్లోనూ పిల్లల బొమ్మలూ ఉన్నాయి, చాలా మంచివీ ఉన్నాయి, ఒకే పేరు కింద, అందుకే వాటి మీద గంపగుత్తగా మాట చెప్పలేను.

ఇప్పుడు అసలు పని. ఇంజిన్ చేతిలోకి వచ్చాక వేగంగా తిప్పి మురిసిపోవద్దు. ఎంత చెత్త ఇంజిన్ అయినా వేగంగా బాగానే పోతుంది. కంట్రోలర్ నాబ్ సున్నా నుంచి మెల్లగా, చాలా మెల్లగా తిప్పుతూ రండి. ఒక అడుగు పొడవు పట్టా గుర్తు పెట్టి, ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. హెచ్ఓ ఇంజిన్ ఆ అడుగు దూరం ఆగకుండా, కుదుపు లేకుండా 30 సెకన్లలో పాకితే అసలు ఇంజిన్ లెక్కలో గంటకు 3 కిలోమీటర్లు, అంటే యార్డులో పెట్టెలకు తగులుకోబోయే ఇంజిన్ వేగం. అలా పాకితే లోపల మోటార్, గేర్లు, కరెంటు అందే దారి మూడూ బాగున్నట్టే. ముందుకూ చూడండి, వెనక్కూ చూడండి, ఒకవైపు సాఫీగా ఉండి మరోవైపు గురగురలాడితే గేర్ల అమరికలో ఏదో ఉంది. కొత్త ఇంజిన్ అయితే ఈ పరీక్షకు ముందు ఒక్కో దిక్కుకు అరగంట మధ్యస్థ వేగంలో తిప్పి గేర్లు సర్దుకోనివ్వాలి, లేకపోతే మంచి ఇంజిన్‌కు అన్యాయం చేసినవాళ్లమవుతాం.

తర్వాత మల్టీమీటర్. డీసీ 10 ఆంపియర్ల రేంజ్‌లో పెట్టి కంట్రోలర్‌కూ పట్టాకూ మధ్య సిరీస్‌లో కలపండి. ఈ కాలం క్యాన్ మోటార్ (చిన్న డబ్బాలా మూసేసి ఉండే మోటార్) ఉన్న హెచ్ఓ ఇంజిన్ ఖాళీగా తిరిగేటప్పుడు సాధారణంగా అర ఆంపియర్ లోపే లాగుతుంది. ఇప్పుడు వేలితో మెల్లగా ఆపండి. చక్రాలు పట్టా మీద జారుతూ తిరగాలి, మోటార్ మొరాయించి ఆగకూడదు. ఆగిందంటే లోడు ఎక్కువైన రోజు కాలేది ఆ మోటారే, ఇది బోరు మోటార్‌కైనా దీనికైనా ఒకటే సూత్రం. రెండు సెకన్లకు మించి పట్టుకోకండి మళ్లీ.

ఆపై మూత విప్పండి. విప్పడానికే భయపడేలా అంటించేసిన ఇంజిన్‌ను నేను నమ్మను. ఎన్ని చక్రాల నుంచి కరెంటు తీసుకుంటుందో లెక్కపెట్టండి, రాగి రేకులు చక్రాల వెనక తాకుతుంటాయి. ఆరు చక్రాల జతలున్న ఇంజిన్ అన్నిటి నుంచీ తీసుకుంటే మేలు. మా ఊళ్లో ఇది మరీ ముఖ్యం, చుట్టూ రైస్ మిల్లులు, తలుపు తీస్తే ఊక బూడిద వచ్చి పట్టా మీద కూర్చుంటుంది, రెండు మూడు చక్రాల మీదే బతికే ఇంజిన్ ప్రతి గజానికీ ఆగి దండం పెట్టించుకుంటుంది. మోటార్ షాఫ్టుకు ఇత్తడి చక్రం, అదే ఫ్లైవీల్, ఉందా చూడండి, చిన్న దుమ్ము మచ్చలను దాటించేది అదే. గేర్లు రెండు ట్రక్కులకూ ఉన్నాయా, ఒక్కదానికేనా? (మనం పెట్టెను బోగీ అంటాం, వాళ్ల పుస్తకాల్లో బోగీ అంటే కింద చక్రాలుండే ఈ ట్రక్కు, చదివేటప్పుడు తికమక పడకండి.) ఒక్క ట్రక్కే తిరిగితే లాగే బలం తక్కువ, దాన్ని పూడ్చడానికి చక్రాలకు రబ్బరు రింగులు తొడుగుతారు, మన ఎండలకు అవి గట్టిపడి పగులుతాయి, విడిగా దొరుకుతాయో లేదో అడిగే కొనండి.

మోటార్ విషయంలో నాకో పేచీ ఉంది. పాత లిమా, పాత హార్న్‌బీల్లో పలకలా ఉండే మోటార్ ఉండేది, మోత ఎక్కువ, మెల్లగా నడవమంటే నడవదు. కానీ మూడు స్క్రూలు తీస్తే ఆర్మేచర్, అంటే లోపల తిరిగే చుట్ట, చేతిలోకి వస్తుంది, కార్బన్ బ్రష్‌లు మార్చొచ్చు, అవి తాకే కమ్యుటేటర్ తుడవొచ్చు. ఇప్పటి క్యాన్ మోటార్ వెన్నలా తిరుగుతుంది, పోయిందంటే మాత్రం పారేయడమే, వైండింగ్ చేసే నాకు అది మింగుడుపడదు. అయినా ఎవరైనా అడిగితే క్యాన్ మోటారే తీసుకోమంటాను, ఎందుకంటే షాఫ్టు, పొడవు, వెడల్పు కొలిస్తే సరిపడే ఇంకో మోటార్ దొరికే అవకాశం ఎక్కువ.

నా మొదటి ఇంజిన్ కథ ఇది. సెకండ్ హ్యాండ్, పేరున్న కంపెనీదే, పేరు చెప్పను. వారం బాగా నడిచింది, తర్వాత చక్రం తిరిగినప్పుడల్లా టక్, టక్ అని ఒక్కో దెబ్బ. పట్టా జాయింట్లలో తప్పుందని రెండు రోజులు పట్టాలు ఊడబీకాను. చివరికి చూస్తే ఇరుసు మీదున్న ప్లాస్టిక్ గేరు నిలువునా పగిలి, పళ్ల మధ్య సందు పెద్దదయ్యింది. ఒక్కో చుట్టుకు ఒక్క టక్కు వినిపిస్తే మీరు నేరుగా ఆ గేరునే అనుమానించండి. ఆ గేరు ధర పెద్దదేం కాదు, దొరకడానికే నాలుగు నెలలు పట్టింది. అప్పుడు అర్థమైంది ఆ రైతు అడిగే ప్రశ్న విలువ. కొనేముందే మాన్యువల్లో విడిభాగాల బొమ్మ, ఒక్కో ముక్కకు నంబరు ఉన్నాయా చూడండి. మార్క్‌లిన్, రోకో, పికో ఇందులో పద్ధతిగా ఉంటాయి. గేర్లు, రబ్బరు రింగులు, బ్రష్‌లు ఉంటే ఇంజిన్‌తోపాటే ఒక జత తెప్పించుకోండి.

పాతవి కొనేటప్పుడు ఇంకోటి, లోపలి లోహపు చట్రం మీద సన్నటి పగుళ్లు, ఉబ్బు ఉన్నాయేమో వేలితో తడిమి చూడండి. జింకు మిశ్రమంలో సీసం లాంటి మలినాలు కలిస్తే ఏళ్లు గడిచాక చట్రం లోపల్నుంచే పొడిపొడి అవుతుంది. దానికి మందు లేదు. ఎంత చవకగా ఇచ్చినా వదిలేయండి.

బయటి దేశం నుంచి తెప్పిస్తే ధరలు పోల్చేటప్పుడు కస్టమ్స్ సుంకం కలిపి పోల్చండి, బొమ్మల మీద ప్రాథమిక సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెంచారు. 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకు ఐఎస్‌ఐ మార్కు కూడా తప్పనిసరి, కాబట్టి పార్సిల్ ఆగే టెన్షన్ ఉంటుంది, అమ్మేవాళ్లను ముందే అడగండి. పూర్తి సెట్ కొంటే అడాప్టర్ మీద రాసింది చదవండి. అమెరికా సెట్ 120 వోల్టులకు, జపాన్‌ది 100 వోల్టులకు చేసినదైతే మన 230లో పెట్టిన క్షణంలో పొగే. ఇంజిన్ చెడ్డదని తర్వాత కంపెనీని తిట్టి లాభం లేదు.

నిర్వహణ సరిగ్గా లేకపోతే ఏ పోలికా నిలబడదు, కాబట్టి రెండు మాటలు. పట్టాలను బోరు నీళ్ల గుడ్డతో తుడవకండి, మన నల్లగొండ నీళ్లు ఆరాక తెల్లటి చార మిగులుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి. గేర్లకు కొబ్బరి నూనె వద్దు, చలికాలం జిగురై కూర్చుంటుంది, ప్లాస్టిక్‌కు పనికొచ్చే పల్చటి నూనె సూది మొనతో ఒక్క చుక్క చాలు. మే నెలలో రేకుల గదిలో ఇంజిన్లు ఉంచకండి.

ఒక నోటుబుక్కులో ప్రతి ఇంజిన్‌కు ఒక పేజీ పెట్టుకోండి: తేదీ, అడుగు దూరానికి పట్టిన సెకన్లు, ఖాళీగా లాగిన ఆంపియర్లు. ఆరు నెలలకోసారి అదే పట్టా మీద మళ్లీ కొలవండి. సెకన్లు తగ్గి, అంటే అంత మెల్లగా పాకలేక, ఆంపియర్లు పెరుగుతుంటే ముందు శుభ్రం చేసి చూడండి, అప్పటికీ దిగకపోతే మోటార్ అలిసిపోతోంది. నా పుస్తకంలో ఇప్పుడు పదకొండు పేజీలున్నాయి, అన్నిటికన్నా తక్కువ మార్పు ఉన్న పేజీ నేను కొన్నవాటిలో ఖరీదైన ఇంజిన్‌ది కాదు, దీపావళికి మా తమ్ముడు తెచ్చిన మామూలు పికోది.