ముసురు పట్టకముందే: తుంటి జారిన పిల్లల ఆపరేషన్‌కి జాగ్రత్తలు

10 నుంచి 16 ఏళ్ళ మధ్య పిల్లలు, ముఖ్యంగా కాస్త ఒళ్ళున్నవాళ్ళు, వారాల తరబడి గజ్జలోనో తొడలోనో మోకాల్లోనో నొప్పంటూ కుంటుతుంటే నూనె మర్దన చేసి ఊరుకోకండి. ఆ వయసులో తొడ ఎముక తలకీ మెడకీ మధ్య మెత్తని ఎదుగుదల పలక ఉంటుంది. అది బరువుకి తాళలేకపోతే ఎముక తల తుంటి గిన్నెలోనే ఉండిపోయి, మెడ ముందుకీ పైకీ జరుగుతుంది. తుంటి జారడమంటే ఇదే. జబ్బు తుంటిది, నొప్పి మోకాలిది. మోకాలికే ఎక్స్‌రే తీయించి, ఏమీ లేదనిపించుకుని నెలలు పోగొట్టుకునేది ఇక్కడే.

రెండు తుంట్లూ పడేలా ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి ఎక్స్‌రే అడగండి. మెడతో పోలిస్తే ఎముక తల ఎక్కువగా వెనక్కి జారినట్టు ఉంటుంది కాబట్టి ఎదురు ఫిల్ములో కొద్దిపాటి జారుడు దొరక్కపోవచ్చు. అడుగు వెయ్యలేని పిల్లాడికి మాత్రం పక్క ఫిల్ము కోసం కాలు మడిచి విప్పదీయనివ్వకండి. ఆ కాలు కదపకుండానే తీసే పద్ధతి ఉంది.

జారిందని తేలిన నిమిషం నుంచి ఆ కాలు నేల మీద మోపకూడదు. చంక కర్రలతోనైనా నడవగలిగితే అది స్థిరమైన జారుడు. కర్రలిచ్చినా నడవలేకపోతే అస్థిరం. మొదటిదాంట్లో తొడ ఎముక తలకి రక్తం ఆగిపోయే ప్రమాదం చాలా తక్కువ. రెండోదాంట్లో, 1993లో అమెరికా ఎముకల డాక్టరు లోడర్ బృందం ప్రచురించిన పరిశీలనలో, దాదాపు సగం మందికి ఆ ఎముక తల చచ్చుబడింది. పాచి పట్టిన అరుగు మీదో చేలగట్టు మీదో ఒక్కసారి కాలు జారితే చాలు, మొదటిది రెండోదైపోతుంది. అందుకే ‘దసరా సెలవుల్లో చూద్దాం’ అనకండి, తేలిన రోజే చేర్పించండి.

తీసుకెళ్ళేటప్పుడు బండి మీద కాళ్ళు ఎడంగా పెట్టి కూర్చోబెట్టకూడదు. నడవలేని పిల్లాణ్ణి నవారు మంచం మీదో చెక్క మీదో పడుకోబెట్టి, కాలు ఎటు తిరిగి ఉంటే అటే దిండు ఆనించి, 108లో పంపండి. తిన్నగా లాగొద్దు. దారిలో టీ, బిస్కెట్లు పెట్టొద్దు. తిన్నాక 6 గంటలు ఆగితే గానీ మత్తు ఇవ్వరు. అస్థిరమైన జారుడుకి ఆ ఆలస్యం కూడా నష్టమే, దాన్ని సాధారణంగా 24 గంటల్లోపు చెయ్యాలని చూస్తారు. కీల్లో చేరిన రక్తం తీసి, తరచుగా రెండు స్క్రూలు వేస్తారు. కాకినాడకైనా రాజమండ్రికైనా బయల్దేరేముందే ఫోన్ చేసి, సి-ఆర్మ్ (ఆపరేషన్ చేస్తుండగానే ఎక్స్‌రే తెర మీద చూపించే యంత్రం), పిల్లల తుంటి ఆపరేషన్లు చేసే డాక్టరు ఉన్నారో లేదో కనుక్కోండి.

స్థిరమైనదానికి చిన్న కోతే. సి-ఆర్మ్ తెర మీద చూస్తూ ఒక బోలు స్క్రూని పలకకి అడ్డంగా దాటించి తల నడిమధ్యకి ఎక్కిస్తారు. స్క్రూ మీది మర చుట్లలో కనీసం 5 పలక దాటి తలలో పట్టాలి. మొన కీలు అంచుకి 5 మిల్లీమీటర్లు ఇవతలే ఆగాలి. కీల్లోకి పొడుచుకొస్తే మృదులాస్థి (కీలులో ఎముకల మీదుండే నున్నటి పొర) కరిగి తుంటి బిగుసుకుపోతుంది. ‘జారినదాన్ని లాగి సరిచెయ్యరా?’ అని అందరూ అడుగుతారు. చెయ్యరు, చెయ్యకూడదు కూడా. తలకి రక్తం తెచ్చే నాళాలు మెడ వెనకనుంచి వస్తాయి, బలవంతంగా లాగితే అవే తెగుతాయి. వంకర ఉండనిచ్చి, ఇంకా జారకుండా ఆపడమే అసలు వైద్యం. వయసు 10 లోపో 16 దాటో ఉన్నా, ఈడుకి తగ్గ ఎత్తు లేకపోయినా థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు చేయించి, రెండో తుంటికీ ముందే స్క్రూ వెయ్యాలేమో డాక్టర్ని అడగండి.

ఇంటికొచ్చాక మొదటి 6 వారాలు చంక కర్రలు. ఎంత బరువు మోపాలో డాక్టరు చెప్పినంతే. చంకకీ కర్రకీ మధ్య రెండు మూడు వేళ్ళ సందుండాలి. అడుగున రబ్బరు బుష్షులు అరిగితే తడి గచ్చు మీద కర్రే జారుతుంది, రెండు జతలు అదనంగా కొనిపెట్టుకోండి. వాన వెలిసినా వాకిట్లో బురద మీద కర్రలు వద్దు, కుర్చీలో ఇద్దరు మోయండి. నేల మరుగుదొడ్డికి బదులు కమోడ్ కుర్చీ వాడండి. కుట్లు విప్పేదాకా, అంటే 10–14 రోజులు, గాయానికి కాలవ నీరు గానీ వరద నీరు గానీ తగలకూడదు.

గోదావరి లంకల్లో ఉన్నవాళ్ళు ఇంకో లెక్క వేసుకోవాలి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి వరద హెచ్చరిక ఇస్తారు. అది వినగానే పిల్లాణ్ణీ ఫిల్ములనీ ఏటికి ఇవతల బంధువులింటికి చేర్చండి. పడవలు ఆగిపోయాక భుజాల మీద దాటించడం ఆ తుంటికి ప్రమాదం.

జ్వరం, గాయం నుంచి చీము, రోజురోజుకీ పెరిగే నొప్పి, కాలు మడత తగ్గిపోవడం — వీటిలో ఏదొచ్చినా ఆగకండి. పలక మూసుకుందని డాక్టరు చెప్పేదాకా కబడ్డీ, చెట్లెక్కడం, కాలవలోకి దూకడం లేవు. మూడు నాలుగు నెలలకోసారి రెండు తుంట్లకీ ఎక్స్‌రే తీయించండి. రెండోవైపు జారేవాళ్ళలో ఎక్కువమందికి 18 నెలల్లోపే అది జరుగుతుంది. ఎడమకి స్క్రూ వేయించుకున్న పిల్లాడు కుడి మోకాలు నొప్పి అన్నాడంటే, ఆ రోజు నుంచి కుడి కాలూ మోపనివ్వకండి.