టెక్సాస్‌లో స్థలం కొని పెద్ద గ్యారేజీ కడుతున్నారా? ముందు నేల సంగతి చూడండి

డాలస్‌కి ఉత్తరాన సెలైనా, ఆనా, వాన్ ఆల్స్‌టైన్ వైపు రెండు మూడెకరాలు కొని, "అన్నా, 40 బై 60 అడుగుల షెడ్డు వేద్దామనుకుంటున్నా" అని అడిగే మనవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. మొన్న ఒకతను ఫోన్ చేశాడు. రేకుల రంగు, తలుపుల సైజు, లోపల కార్ లిఫ్ట్, పైన చిన్న ఆఫీసు రూము, అన్నీ తేల్చేసుకున్నాడు. అడ్వాన్సు కూడా కట్టేశాడు. నేల ఎలాంటిదని అడిగితే "నల్లగా ఉందన్నా, బాగానే ఉంది" అన్నాడు. బాబూ, నల్లగా ఉంటే బాగానే ఉన్నట్టు కాదు.

పర్మిట్ల సంగతి ముందు చెప్పేస్తాను. అందరూ దాని గురించే భయపడతారు, నిజానికి అది చిన్న విషయం. ఊరి పరిధి దాటితే టెక్సాస్ కౌంటీలకు కట్టడాల మీద పెద్దగా అధికారం లేదు. సెప్టిక్‌కి, వరద ముంపు ప్రాంతమైతే దానికి, రోడ్డు నుంచి లోపలికి దారి వేసుకోవడానికి అనుమతి అడుగుతారు. మీ స్థలం ఏదైనా ఊరి ఈటీజేలో (పరిధి బయటున్నా ఆ ఊరికి కొంత అధికారం ఉండే చుట్టుపక్కల ప్రాంతం) ఉందా, డీడ్‌లో ఆంక్షలున్నాయా, కరెంటు లైనుకో పైపులైనుకో ఈజ్‌మెంట్ (వేరేవాళ్లు వాడుకునే హక్కున్న జాగా) వదిలారా అన్నది టైటిల్ కాగితాల్లో చూసుకోండి. వ్యవసాయ భూమిగా పన్ను తగ్గింపు ఉంటే, షెడ్డు పడే భాగం వినియోగం మారినట్టు లెక్క. ఆ భాగానికి 3 ఏళ్ల తేడా పన్ను వెనక్కి కట్టమనవచ్చు. పన్ను కోసం భూమి విలువ కట్టే కౌంటీ అప్రైజల్ ఆఫీసులో ముందే అడగండి. ఇక్కడితో కాగితాలు అయిపోయాయి.

ఇప్పుడు నేల. ఎర్ర నది దగ్గర నుంచి శాన్ ఆంటోనియో దాకా ఒక పట్టీలా సాగే నేలను బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అంటారు. డాలస్ చుట్టుపక్కల చాలా భాగం అదే. అది మన నల్లరేగడికి సొంత చుట్టం. నేలల శాస్త్రంలో రెండింటినీ వెర్టిసాల్ అనే ఒకే వర్గంలో పెడతారు. కర్నూలు, ఆదిలాబాద్ వైపు పత్తి చేలు చూసినవాళ్లకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి బీటలు తీస్తుంది. ఆగస్టులో మీ స్థలంలో నడిచి చూడండి, మోచేయి దాకా చెయ్యి దూరే బీటలుంటాయి. మన ఊళ్లో పెద్దాయన ఎవరైనా ఆ నేల చూస్తే, మెట్ట పంట వేస్తావా అని అడుగుతాడేగానీ గచ్చు పోయమనడు. మనవాళ్లేమో ప్రిఫ్యాబ్ (ఫ్యాక్టరీలో ముందే చేసి తెచ్చే) షెడ్డువాడి బ్రోచర్ చూసి సంతకం పెడతారు!

ఆ షెడ్డువాడిచ్చే డ్రాయింగుల్లో చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంటుంది, దయచేసి చదవండి: పునాది డిజైను మా బాధ్యత కాదు అని. రేకులు, ఫ్రేమ్, గాలి ఒత్తిడి లెక్కలు మాత్రమే వాళ్లవి. కింద ఏం పొయ్యాలో వేరే ఇంజినీరు చెప్పాలి. ఆ ఇంజినీరుకి మట్టి పరీక్ష రిపోర్టు కావాలి. మేం స్థలం కొన్న కొత్తలో మాకు పనికి కుదిరిన ఒక కాంట్రాక్టరు "ఇవన్నీ ఇళ్లకండీ, షెడ్డుకి అక్కర్లేదు" అని, పైమట్టి గీకేసి నాలుగంగుళాల కాంక్రీటు పోద్దామన్నాడు. అక్టోబరులో వాన పడింది. ఆగస్టులో రాయిలా ఉన్న అదే నేలలో కంకర లారీ ఇరుసు దాకా దిగబడింది. దాన్ని లాగడానికి వచ్చిన ట్రక్కూ దిగబడింది. ఆ చలికాలమంతా బూట్లకు రెండేసి కిలోల బురద మోసుకుంటూ తిరిగాం. పని ఆగింది, అతను ఫోనెత్తడం మానేశాడు. ఒక రకంగా ఆ వానే మమ్మల్ని కాపాడింది.

ఎందుకంటే మా పక్కవాళ్లు అదే పద్ధతిలో పోయించారు. వాళ్ల గ్యారేజీ ఇప్పుడు చూస్తే ఏం జరుగుతుందో తెలుస్తుంది. గచ్చు నడిమి భాగం కింద తేమ పెద్దగా మారదు. అంచుల కింద మాత్రం వానకు ఉబ్బి, ఎండకు దిగి, ఏడాదంతా కదులుతూనే ఉంటుంది. రోలప్ తలుపు కింద ఎండాకాలంలో ఒక మూల వేలు దూరేంత సందు, వసంతంలో వానలు పడ్డాక ఇంకో మూల బిగుతు. గోడ స్తంభాల బోల్టుల దగ్గర గచ్చు పగిలింది. లిఫ్ట్ పెట్టాలనుకున్నారు, ఇప్పుడు ధైర్యం చాలట్లేదు. రెండు స్తంభాల లిఫ్టంటే కారు బరువంతా ఆ కొద్దిపాటి గచ్చు మీద పడుతుంది కదా.

కాబట్టి వరుస ఇదీ. ఎన్‌ఆర్‌సీఎస్ (నేలల సంగతి చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) వాళ్ల వెబ్ సాయిల్ సర్వే అనే ఆన్‌లైన్ మ్యాపు ఉచితం. మీ స్థలం గుర్తించి చూడండి. 'హ్యూస్టన్ బ్లాక్' అని వచ్చిందంటే అది టెక్సాస్ రాష్ట్ర నేలగా చెప్పుకునే నల్లమట్టి. గౌరవం దానికి, టెన్షన్ మీకు. తర్వాత జియోటెక్ వాళ్లతో (మట్టి పరీక్ష చేసే ఇంజినీర్లు) షెడ్డు పడేచోటే మట్టి నమూనాల కోసం బోరింగులు వేయించండి, స్థలంలో ఎక్కడో కాదు. రిపోర్టులో పీఐ (ప్లాస్టిసిటీ ఇండెక్స్) అనే అంకె చూడండి. అది 30 దాటితే ఉబ్బే గుణం గట్టిగా ఉన్నట్టే. ఇంజినీరు ఏదో ఒక దారి చెబుతాడు: నల్లమట్టి కొన్ని అడుగులు తవ్వి తీసి వేరే మట్టి పొరలుపొరలుగా పోసి రోలర్‌తో తొక్కించడమో, కింద బీములున్న గచ్చు పొయ్యడమో, లోతుగా పియర్లు (కాంక్రీటు స్తంభాలు) దింపడమో. ఏది మంచిదని నన్నడక్కండి, అది రిపోర్టు చూసి చెప్పేది.

తవ్విన గుంటలో ఇసుక గానీ కంకర గానీ పోస్తే చవక కదా అని ఎవరైనా అంటే వినకండి. చుట్టూ నీరు దిగని నల్లమట్టి, మధ్యలో నీరు ఇంకే ఇసుక ఉంటే వాననీళ్లన్నీ తొట్టిలో చేరినట్టు మీ గచ్చు కిందికే చేరతాయి. నీరు తేలిగ్గా దిగని, ఉబ్బని బంకఇసుక మట్టి కావాలి. ఇక్కడ దాన్ని సెలెక్ట్ ఫిల్ అంటారు.

నీళ్లు ఎటు పోతున్నాయన్నది రెండో సగం. 40 బై 60 కప్పు మీద ఒక్క అంగుళం వాన పడితే దాదాపు 1,500 గ్యాలన్లు. గట్టర్లు లేకపోతే అదంతా సరిగ్గా అంచుల దగ్గరే పడుతుంది. చెప్పానుగా, ఆ అంచులే కదిలేవి. గట్టర్లు పెట్టి, పైపుతో దూరంగా వదలండి, లేదా ట్యాంకులో పట్టండి. షెడ్డు చుట్టూ బయటికి వాలు ఇవ్వండి. నీడ కోసమని గోడ పక్కనే ఓక్ చెట్టు నాటకండి, ఎండాకాలంలో దాని వేళ్లు కింది తేమ పీల్చి గచ్చును దించుతాయి. వాస్తు అడిగేవాళ్లకు కూడా ఒక మాట: ఈశాన్యం పల్లంగా ఉంటే అదృష్టం, అమ్మానాన్నలూ సంతోషిస్తారు, నీళ్లూ అటే పోతాయి. లేకపోతే నేల వాలునే నమ్మండి, నాన్నగారికి నేను చెబుతాను.

మిగతావి గబగబా. తవ్వేముందు 811కి ఫోన్ చెయ్యండి, భూమిలో ఉన్న లైన్లు ఎక్కడున్నాయో గుర్తు పెట్టిస్తారు, డబ్బు తీసుకోరు. సెప్టిక్ డ్రెయిన్‌ఫీల్డ్ (ట్యాంకు నీళ్లు ఇంకే జాగా) మీద షెడ్డే కాదు, దానికి వెళ్లే దారి కూడా పడకూడదు. గచ్చు 6 అంగుళాల మందం అనుకుంటే బీములు కాక 44 ఘనగజాల కాంక్రీటు, అంటే కనీసం 5 లారీలు. అవి లోపలికి రావడానికి గట్టి దారి ముందే వెయ్యండి. పోస్ట్‌టెన్షన్ గచ్చయితే (లోపల బిగించి లాగిన ఉక్కు కేబుళ్లుండేది) లిఫ్ట్ బోల్టులకు డ్రిల్ పెట్టకముందు కేబుళ్లు ఎక్కడున్నాయో కనుక్కోండి. లిఫ్ట్ కోసం లోపలి ఎత్తు 12 అడుగులకు తగ్గనివ్వకండి. రేకుల కింద ఇన్సులేషన్ లేకపోతే చలికాలం పొద్దున రేకుకి పట్టిన తేమ కారు మీద చినుకులుగా పడుతుంది, కప్పు కారుతోందని కంగారు పడతారు. కరెంటు పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌కే ఇవ్వండి. వీసా మీదున్నవాళ్లు షెడ్డు అద్దెకివ్వడం, అందులో రిపేరు వ్యాపారం లాంటి ఆలోచనలుంటే లాయర్ని అడిగాకే.

డబ్బు దగ్గర మాత్రం మొహమాటం వద్దు. ఇక్కడ జనరల్ కాంట్రాక్టరుకి రాష్ట్రం లైసెన్సు ఉండదు, ఎవడైనా బోర్డు పెట్టుకోవచ్చు. పని పూర్తయ్యాక కూడా 10 శాతం 30 రోజులు ఆపి ఉంచమని టెక్సాస్ చట్టమే ఓనరుకి చెబుతోంది. కాంట్రాక్టరు తన కింద పనిచేసినవాళ్లకు డబ్బివ్వకపోతే, వాళ్లు మీ స్థలం మీద లియన్ (బాకీ కింద స్థలం మీద హక్కు) వేస్తారు. అప్పుడు మీరు ఆపి ఉంచిన ఆ డబ్బే మిమ్మల్ని ఆదుకుంటుంది. చెక్కు ఇచ్చినప్పుడల్లా లియన్ వేవర్ (ఆ హక్కు వదులుకుంటున్నామనే కాగితం) మీద సంతకం తీసుకోండి. "మనవాడే కదా" అని వదిలేస్తే తర్వాత మీ ఇష్టం.

సరే, మరీ భయపెట్టేశాను. ఈ నేల మీద డాలస్ నగరమే నిలబడింది, మీ షెడ్డు నిలబడదా? పునాది సరిగ్గా పడితే పైన ఫ్రేమ్ నిలబెట్టడం చకచకా అయిపోతుంది, మీరే చూసి ఆశ్చర్యపోతారు. మా దానికి మట్టి పరీక్ష చేయించాక ఏడాదికి పైగా పట్టింది గానీ, తలుపు నాలుగు మూలలూ ఇప్పటికీ సమంగా దిగుతోంది. ఆ ఫోన్ చేసినతని అడ్వాన్సు కూడా పోలేదు, షెడ్డువాడు డెలివరీ వెనక్కి జరపడానికి ఒప్పుకున్నాడు. మీరూ రిపోర్టు వచ్చాక పంపండి, చూసి చెబుతాను. రేకుల రంగు గురించి మాత్రం ఇంట్లోవాళ్లని అడగండి.