ఊరు పత్తికొండ, కాన్పు కర్నూలు: నమోదు ఎక్కడ?

మాది పత్తికొండ పక్క పల్లె, కాన్పు కర్నూలు ఆసుపత్రిలో. ఊరి సచివాలయంలో వెతికితే పాప వివరాలు లేవు; ఉండవు కూడా. జననం రాసుకునేది బిడ్డ పుట్టిన చోటే, అంటే కర్నూలు నగరపాలక సంస్థలో. డిశ్చార్జి కాగితం చూపి అక్కడ అడిగితే పని తేలింది.

ఆసుపత్రిలో కాన్పైతే జననం సంగతి ఆసుపత్రి వాళ్లే 21 రోజుల్లోపు తెలపాలి. ఇంటికి బయల్దేరేముందే ఫారంలో తల్లిదండ్రుల పేర్లు ఆధార్‌తో అక్షరం అక్షరం సరిచూడండి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తిగా ఉంటే తర్వాత పాస్‌పోర్టు దగ్గర తిప్పలే.

పేరు పెట్టలేదని ఆగొద్దు. ఆ గడి ఖాళీగా వదిలి నమోదు చేయించొచ్చు. 12 నెలల్లోపు పేరు చేర్పిస్తే రుసుం లేదు, ఆపైన 15 ఏళ్ల వరకు రుసుంతో చేరుస్తారు. నమోదే ఏడాది దాటితే మాత్రం మెజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి.