పాటను ఛానల్‌కు ఇచ్చే ముందు జాగ్రత్తలు

సొంతంగా జానపదమో, ప్రైవేట్ పాటో చేసి యూట్యూబ్ ఛానల్‌కో ఆడియో కంపెనీకో ఇవ్వబోతున్నారా? సంతకం పెట్టే ముందు ఇవి చూసుకోండి.

• అగ్రిమెంట్ ఇంగ్లిష్‌లో ఉంటే లాయరుతో చదివించుకోండి. "అందరికీ ఇచ్చే ఫార్మాటే అన్నా" అంటే ఇంకా జాగ్రత్తగా చదివించుకోండి.

• ఎన్నేళ్లకు, ఎక్కడి వరకు హక్కులిస్తున్నారు? 1957 కాపీరైట్ చట్టం ప్రకారం గడువు రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. అందుకే కంపెనీలు "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని రాయించుకుంటాయి. బేరం డబ్బు దగ్గరే ఆపకండి, ఈ రెండు మాటల మీద కూడా ఆడండి.

• పాట రాసినవారు, బాణీ కట్టినవారు తమ రాయల్టీ వాటాను కంపెనీకి వదులుకున్నట్టు రాసిచ్చినా, 2012 సవరణ తర్వాత అది చెల్లదు. కానీ ఆ డబ్బు దానంతటదే ఇంటికి రాదు. పాటల రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీ వసూలు చేసి పంచే సంస్థ ఐపీఆర్‌ఎస్‌లో సభ్యులుగా చేరి, పాటను నమోదు చేయించుకోవాలి.

• పల్లెలో విన్న పాటా? తరతరాల పల్లవి ఎవరి సొత్తూ కాదు. మీరు కొత్తగా రాసిన చరణాలు మాత్రం మీవే. ఏది పాతదో, ఏది మీదో రాసి, తేదీ వేసి మీకే మెయిల్ చేసుకోండి. మీకు పాట నేర్పిన పెద్దమ్మ పేరు క్రెడిట్స్‌లో వేయండి. చట్టం అడగకపోయినా అది మర్యాద.

• బీట్ (రెడీమేడ్ మ్యూజిక్ ట్రాక్) కొన్నారా? లైసెన్స్, రసీదు దాచండి. యూట్యూబ్‌లో కాపీరైట్ స్ట్రైక్ (ఇతరుల హక్కులు వాడారన్న ఫిర్యాదుపై పడే హెచ్చరిక) పడితే అవే ఆధారం.

• అడ్వాన్స్ బ్యాంకు ఖాతాలోనే తీసుకోండి.