సంక్రాంతికి హైస్కూల్లో పాత ఆటగాళ్ల మీట్ పెట్టి, వాళ్ల పేర్ల బోర్డు బిగించడం ఎలాగంటే

కోనసీమలో గానీ పాలకొల్లు, నరసాపురం వైపు గానీ జిల్లా పరిషత్ హైస్కూల్‌కెళ్తే దాతల పేర్లు, టెన్త్‌లో ఫస్టొచ్చినోళ్ల పేర్లు గోడ మీద కనపడతాయండి, స్కూల్ తరఫున జిల్లాకి, స్టేట్‌కి ఆడినోళ్ల పేర్లు చాలాచోట్ల ఉండవు. పండక్కి ఎలాగూ అందరూ ఊళ్లోకి దిగుతారు కాబట్టి అప్పుడే ఓ మీట్ పెట్టి బోర్డు కూడా ఆ రోజే బిగించెయ్యొచ్చు. సెలవులు కదా, డిసెంబర్‌లోనే హెచ్ఎం గారికి లెటర్ ఇచ్చి పర్మిషన్ తీసుకోండి.

అసలు పని పేర్లు. వాట్సాప్ గ్రూపులో అడిగితే గుర్తున్నంత చెప్తారు, సంవత్సరాలు కలిసిపోతాయి, అందుకని సర్టిఫికెట్ జిరాక్స్ చూశాకే పేరు రాయించండి. పాతోళ్లు గ్రిగ్స్ అంటారు, ఇప్పుడు పిల్లలు ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) అంటారు, రెండూ స్కూల్ గేమ్సే. పేరు, టెన్త్ బ్యాచ్, ఏ ఆట, ఏ లెవెల్, ఏ సంవత్సరం, ఇంతే చాలు. ఊరికి పేరు తెచ్చారు కదా అని మన బళ్లో చదవనోళ్లని ఎక్కించద్దు, అడ్మిషన్ రిజిస్టర్‌లో ఉంటేనే.

ఎక్కువ కష్టపడాల్సింది ఆడపిల్లల పేర్ల దగ్గర. కబడ్డీ, ఖోఖో ఆడి జిల్లాకెళ్లినోళ్లు పెళ్లయ్యి వేరే ఊరెళ్లిపోతారు, ఇంటిపేరు మారిపోద్ది, మగపిల్లల గ్రూపుల్లో వాళ్లుండరు, దాంతో లిస్టులోంచి జారిపోతారు. రిజిస్టర్‌లో పుట్టింటి ఇంటిపేరు, తండ్రి పేరు ఉంటాయి, వాటితో వాళ్ల అన్నదమ్ముల్నో వదినల్నో అడిగితే దొరుకుతారు. బోర్డు మీద పుట్టింటి పేరే రాయించండి, ఆడింది ఆ పేరుతోనే కదా. రాసేముందు వాళ్లని ఓ మాట అడగండి.

ఆటలు నేర్పిన పీఈటీ మాస్టార్ల పేర్లు కూడా పెట్టాలి, నేనైతే వాళ్లవి పైనే పెడతాను. మన అమలాపురం సాత్విక్‌సాయిరాజ్ చిరాగ్ శెట్టితో కలిసి 2022 కామన్వెల్త్‌లోనూ 2023లో జరిగిన ఆసియా క్రీడల్లోనూ బ్యాడ్మింటన్ డబుల్స్ గోల్డ్ కొట్టాడు, వాళ్ల నాన్నగారు పీఈటీ మాస్టారుగా చేసినాయనే.

ఇక మీట్ రోజు పరుగు పోటీలకి ట్రాక్. 90 మీటర్ల పొడుగు, 50 మీటర్ల వెడల్పు స్థలముంటే నాలుగు లేన్ల 200 మీటర్ల ట్రాక్ పట్టుద్ది. మధ్యలో 40 పొడుగు, 37.80 వెడల్పు పెట్టి నాలుగు మేకులు కొట్టండి, ఎదురు మూలల మధ్య 55.03 మీటర్లు వస్తే మూలమట్టం కరెక్టుగా ఉన్నట్టు. 37.80 గీతలు రెండిటికీ సరిగ్గా నడిమధ్యలో మేకు పాతి 18.90 మీటర్లతో బయటివైపు అరవృత్తం తిప్పండి. పరుగు కొలత లోపలి గీతకి 20 సెంటీమీటర్లు బయటకి తీస్తారు, అలా తీస్తే 200 వస్తది. లేన్ వెడల్పు 1.22. ఒక రౌండ్ పరుగుకి రెండో లేన్‌లో వాళ్లు మొదటి లేన్ కన్నా 7.66 మీటర్లు ముందు నిలబడాలి, మూడు నాలుగు లేన్లకి అంతంతే కలుపుకుంటూ వెళ్లండి. కొబ్బరి తాడు మన దగ్గర ఎక్కడైనా దొరుకుద్ది గానీ సాగుద్ది, కొలతకి టేపు, తిప్పడానికి బైండింగ్ వైరు వాడండి. గీతలకి సున్నం వద్దు, కళ్లలో పడితే ప్రమాదం, ముగ్గు చాలు. మన నల్లమట్టి జనవరికి ఎండి పగుళ్లిస్తది కాబట్టి ముందురోజే పగుళ్లలో ఇసక నింపి నీళ్లు చల్లాలి.

100 మీటర్లు ఈ గ్రౌండ్‌లో పట్టదు, 60 పెట్టి ఫినిష్ తర్వాత 15 మీటర్లు ఖాళీ ఉంచండి. బ్యాచ్‌ల వారీగా నలుగురేసి తలా 50 మీటర్ల రిలే పెడితే ఒక్క రౌండ్‌లో అయిపోద్ది, జనం కూడా అదే ఎక్కువ చూస్తారు. నలభై దాటినోళ్లకి నడక పోటీ పెట్టండి, గుండె మందులు వాడేవాళ్లని డాక్టర్‌ని అడిగే రమ్మనండి.