పంటు ఎందుకు మునగదు? సాంద్రత పాఠం ఇలా చెప్పండి

సఖినేటిపల్లి రేవులో పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) మీద బండ్లూ మనుషులూ నరసాపురం దాటడం మా పిల్లలు చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. సాంద్రత పాఠం నేను అక్కడే మొదలుపెడతాను. ఇనుప మేకు మునుగుతుంది, ఇనుప పంటు మునగదు. ఎందుకు? జవాబు వెంటనే చెప్పకండి. ప్రతి ఒక్కరినీ తన ఊహ నోటుబుక్కులో రాయనివ్వండి.

ఆ తర్వాత ఫెట్ (PhET) సిమ్యులేషన్, అంటే కంప్యూటర్ తెర మీద చేసే ప్రయోగం. కొలరాడో బౌల్డర్ విశ్వవిద్యాలయంలో కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ఫెట్ సైట్ ఉచితం. అందులోని చాలా సిమ్యులేషన్లకి తెలుగు అనువాదాలూ ఉన్నాయి. ముందురోజు రాత్రే 'డెన్సిటీ' ఫైలు దించుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి, నెట్ లేకపోయినా బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. వానాకాలంలో మా దగ్గర ఇది తప్పనిసరి.

మొదట చెక్క దిమ్మ ఎంచుకుని ద్రవ్యరాశి పెంచించండి. ఘనపరిమాణం కూడా పెరుగుతుంది, దిమ్మ తేలుతూనే ఉంటుంది. 'బరువైతే మునుగుతుంది' అని రాసినవాళ్లు ఇక్కడ ఆగిపోతారు. ఆ నిశ్శబ్దాన్ని తొందరపడి నింపకండి, పాఠమంతా అక్కడే ఉంది. పంటు లోపలి గాలిని కూడా కలిపి లెక్కేస్తే సగటు సాంద్రత నీటికంటే తక్కువని వాళ్లే పట్టుకుంటారు. మౌస్ మాత్రం పిల్లల చేతిలోనే ఉండాలి.

స్క్రీన్‌తో ఆపకండి. బకెట్ నీళ్లలో కొబ్బరికాయ వేయించండి, తేలుతుంది. గ్లాసు నీళ్లలో మునిగిన కోడిగుడ్డు ఎన్ని చెంచాల ఉప్పుకి పైకి వస్తుందో లెక్కపెట్టి బోర్డు మీద రాయించండి.